రోజ్‌మేరీ వేస్తే సెంటు బామ్ వాసన కొడుతోందా? ముందు దాని పక్కన ఏం వేశావో చూడు

తమ్ముడూ, అన్నా అని పిలిచి అడిగావు గనక నేనూ చనువుగానే చెప్తాను. నువ్వు రాసింది ఇదీ: తిరుపతిలో డిగ్రీ చదువుతూ ఇంట్లోనే పెర్ఫ్యూమ్ కలపడం మొదలుపెట్టావు, ఆన్‌లైన్‌లో రోజ్‌మేరీ ఎసెన్షియల్ ఆయిల్ తెప్పించావు, 50 మిల్లీలీటర్ల సీసాలో రోజ్‌మేరీ 40 చుక్కలు, పిప్పర్‌మింట్ 15, నిమ్మగడ్డి నూనె 15 వేసి స్పిరిట్ పోశావు. చొక్కాకి కొట్టుకుని గదిలోంచి బయటికి వస్తే మీ అమ్మ "జలుబు చేసిందా నాయనా, బామ్ రాసుకున్నావా" అని అడిగింది. నూనె నకిలీదని నీ అనుమానం, వాపసు పంపేయాలా అని నీ ప్రశ్న.

పంపకు. నూనె మంచిదే అయ్యుండొచ్చు. మీ అమ్మ ముక్కు కూడా సరిగ్గానే చెప్పింది. నేను తిరుపతి చుట్టుపక్కల అగరుబత్తీలు, సబ్బులు చేసేవాళ్లకి వాసన కాంపౌండ్లు కలిపిచ్చే పనిలో ఇరవై రెండేళ్లుగా ఉన్నాను. కొత్తగా నేర్చుకునేవాళ్లు అందరికంటే ముందు కొనేదీ, అందరికంటే ముందు విసిగి పక్కన పెట్టేసేదీ ఈ రోజ్‌మేరీనే. అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను.

ముందు ఈ నూనెలో ఏముందో చూడు. రోజ్‌మేరీ మన తులసి, మరువం, పుదీనాల కుటుంబపు మొక్క. పుట్టిల్లు మధ్యధరా సముద్రం ఒడ్డున రాళ్ల నేలలు, మన దగ్గర నీలగిరి కొండల్లో కూడా వేస్తున్నారు. ఆకులతో, పూలతో ఉన్న కొమ్మల్ని ఆవిరి మీద డిస్టిల్ చేస్తే వంద కిలోలకు ఒక కిలో అటూ ఇటూగా నూనె దిగుతుంది. మొరాకో, ట్యునీషియా నుంచి వచ్చే రకంలో సినియోల్ 38 నుంచి 55 శాతం, కర్పూరం 5 నుంచి 15, పైన్ చెట్ల వాసన వేసే ఆల్ఫా పైనీన్ 9 నుంచి 14 శాతం ఉంటాయి. సినియోల్ అంటే కొత్తదేమీ కాదు, జలుబు చేస్తే వేణ్నీళ్లలో వేసుకుని దుప్పటి కప్పుకుని ఆవిరి పడతామే, ఆ నీలగిరి తైలంలో ముప్పావు వంతు అదే. స్పెయిన్ రకంలో లెక్క మారిపోతుంది: సినియోల్ 16 నుంచి 25 శాతానికి తగ్గి, పైనీన్ 18 నుంచి 26కి, కర్పూరం 13 నుంచి 20 దాకా పెరుగుతాయి. కోర్సికా దీవి నుంచి వెర్బెనోన్ అనే పదార్థం ఎక్కువగా ఉండే ఇంకో రకం వస్తుంది. చాలా మెత్తని వాసన, ధర కూడా బాగా ఎక్కువ, ఇప్పుడే నీకు దాంతో పనిలేదు.

నువ్వు ఈ నూనెకి పిప్పర్‌మింట్ కలిపావు. పిప్పర్‌మింట్ అంటే మెంథాల్. సినియోల్, కర్పూరం, మెంథాల్ మూడూ ఒకచోట చేరితే మన దేశంలో ఎవరి ముక్కైనా ఒకటే మాట చెబుతుంది. 1893లో కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు బొంబాయిలో అమృతాంజనం మొదలుపెట్టిన దగ్గర్నుంచి తరతరాలుగా తలనొప్పికి నుదుటికి రాసుకుంటున్న వాసన అది. దాన్ని మన జ్ఞాపకంలోంచి తీసేయడం ఎవరి తరమూ కాదు. కాబట్టి నీ సీసాలో ముందు తీసేయాల్సింది పిప్పర్‌మింట్. రెండోది మోతాదు: మొత్తం 70 చుక్కల్లో 40 రోజ్‌మేరీ, అంటే సగానికి పైనే. రసంలో ఇంగువ సగం గరిటె వేస్తే ఎలా ఉంటుందో అలా ఉంది నీ ఫార్ములా.

"సినియోల్ ఉంటే బామ్ వాసన తప్పదా మరి" అంటావేమో. వంటింట్లోకి వెళ్లి ఏలకుల డబ్బా మూత తీసి చూడు. ఏలకుల నూనెలో కూడా మూడో వంతు దాకా సినియోలే ఉంటుంది. కానీ ఏలకులు వాసన చూసి బామ్ అన్నవాళ్లని నేనింతవరకూ చూడలేదు, పాయసం అంటారు. ఎందుకంటే అందులో సినియోల్ పక్కనే ఇంచుమించు అంతే మోతాదులో టెర్పినైల్ అసిటేట్ ఉంటుంది, తియ్యగా, పండులాగా, గుండ్రంగా ఉండే వాసన అది. సినియోల్ పదునుని అది కప్పేయదు, ఆ పదునుకి ఒక పని అప్పగిస్తుంది. రోజ్‌మేరీ విషయంలో నేను చెప్పదలచుకున్నది కూడా ఇదే. దానికి ఎవరిని జత చేస్తున్నావో దాన్నిబట్టి అదే నూనె మందుల షాపు అవుతుంది, గుడి అవుతుంది, అప్పుడే కోసిన నిమ్మకొమ్మ అవుతుంది.

గుడి అన్నాను గనక ఒక మాట. తిరుపతిలో పెరిగినవాడివి, కర్పూరం వాసన నీకు ఎవరూ నేర్పనక్కర్లేదు. హారతికి వెలిగించే కర్పూరం ఇప్పుడు ఎక్కువభాగం చెట్టు నుంచి రావడం లేదు. పైన్ చెట్ల టర్పెంటైన్‌లోని పైనీన్‌ని ఫ్యాక్టరీలో క్యాంఫీన్‌గా, దాన్ని ఐసోబోర్నియోల్‌గా, చివరికి కర్పూరంగా మారుస్తారు. పైనీన్, క్యాంఫీన్, బోర్నియోల్, కర్పూరం, ఈ నలుగురూ రోజ్‌మేరీ నూనెలో ఒకే ఇంట్లో కాపురం ఉంటారు. శ్రీవారి గడ్డానికి పెట్టే పచ్చకర్పూరం సంగతి వేరు. బోర్నియో, సుమత్రా అడవుల్లోని ఒక చెట్టు మానులోంచి తీసే అసలు రకంలో ముఖ్యమైనది బోర్నియోల్, అది రోజ్‌మేరీలోనూ రెండు మూడు శాతం ఉంటుంది. తీర్థం నోట్లో పోసుకోగానే గొంతులో చల్లగా తగిలేది ఉంది చూడు, దాని ఛాయ ఈ నూనె లోపల ఉంది. నీ సీసాలో మెంథాల్ దాన్ని పైకి రానివ్వలేదు.

నూనె తెలియాలంటే కలపడం ఆపి ముందు వాసన చూడటం నేర్చుకోవాలి. ఈ ఒక్క పని సరిగ్గా చెయ్యి. రోజ్‌మేరీ 1 గ్రాము, డీపీజీ (డైప్రొపిలీన్ గ్లైకాల్ అనే వాసన లేని పలచన ద్రవం) గానీ స్పిరిట్ గానీ 9 గ్రాములు కలిపి పది శాతం ద్రావణం చేసుకో. అలాగే మెడికల్ షాపులో దొరికే నీలగిరి తైలంతో ఇంకొకటి. వాసన చూసే కాగితం స్ట్రిప్పులు రెండు తీసుకుని, ఒక్క సెంటీమీటరు ముంచి, మీద టైమ్ రాసి, ఒకదానికొకటి తగలకుండా క్లిప్పుకి పెట్టు. ఫ్యాన్ కట్టెయ్యి. మే నెల మధ్యాహ్నం వద్దు, ఆ వేడికి పైవాసన నిమిషంలో ఎగిరిపోతుంది, తెల్లవారుజామున చూడు.

మొదటి నిమిషంలో రెండూ అన్నదమ్ముల్లా ఉంటాయి, చల్లగా, పదునుగా, ముక్కు పైభాగంలో తగులుతూ. పది నిమిషాలకి దారులు వేరవుతాయి. రోజ్‌మేరీ స్ట్రిప్ మీద ఆకు వాసన తేలుతుంది, వేళ్ల మధ్య నలిపిన మరువంలాంటిది, దాని వెనక తడిచెక్క. గంట తర్వాత నీలగిరి స్ట్రిప్ దాదాపు ఖాళీ. రోజ్‌మేరీ మీద మాత్రం ఎండుటాకుల మూట విప్పినట్టు, కాస్త బంకగా, అడుగున చిన్న తీపి. నాలుగు గంటలకి ముక్కు ఆనించి పీలిస్తే పాత చెక్కపెట్టె తెరిచినట్టు సన్నగా ఉంటుంది. ఆ గంటకీ నాలుగు గంటలకీ మధ్య వచ్చే వాసన కోసమే పెర్ఫ్యూమ్ చేసేవాళ్లు దీన్ని కొంటారు. మొదటి నిమిషం చూసి నిర్ణయం తీసుకునేవాళ్లు దాన్ని ఎప్పటికీ చూడరు. అంతకంటే ఎక్కువసేపు ఉంటుందని మాత్రం ఆశపడకు. ఇది ఇంగువ కట్టిన గుడ్డ కాదు, చందనంలా రాత్రిదాకా చర్మాన్ని అంటిపెట్టుకుని ఉండదు.

నూనె అసలుదా కాదా అన్న నీ భయానికి జవాబు కూడా ఈ స్ట్రిప్పుల్లోనే ఉంది. రోజ్‌మేరీకి ఎక్కువగా కలిపేది నీలగిరి తైలం, కర్పూరపు నూనె నుంచి విడదీసిన భాగాలు, టర్పెంటైన్, ఎందుకంటే అవి చాలా చవక, వాసనలో కలిసిపోతాయి. నీ రోజ్‌మేరీ స్ట్రిప్ కూడా గంటకల్లా నీలగిరిలాగే ఖాళీ అయిపోతే అప్పుడు అనుమానించు. అమ్మినవాణ్ని ఆ బ్యాచ్ జీసీఎంఎస్ రిపోర్టు, అంటే నూనెలో ఏది ఎంత శాతం ఉందో చెప్పే ల్యాబ్ పరీక్ష కాగితం, అడుగు, ఇచ్చేవాళ్లు ఇస్తారు. పైన చెప్పిన రెండు రకాల అంకెల్లో ఏదో ఒకదానికి దగ్గరగా ఉండాలి, సినియోల్ 70 కనిపిస్తే అది ఏ దేశపు రోజ్‌మేరీ కాదు. చాలా ఏళ్ల క్రితం నేనిలాగే ఒక వ్యాపారి దగ్గర అయిదు కిలోలు తీసుకున్నాను, మూత తీయగానే ఘుమఘుమలాడింది, సంతోషంగా డబ్బు కట్టి వచ్చాను. ఇంటికొచ్చి ముంచిన స్ట్రిప్‌ని గంట తర్వాత చూస్తే తెల్లకాగితం వాసన. కొనే ముందు ఒక్క గంట ఆగి ఉంటే ఆ నష్టం ఉండేది కాదు. అప్పటి నుంచి ఏ నూనె అయినా సరే, శాంపిల్ స్ట్రిప్ మీద ఆరాక వచ్చే వాసన చూడకుండా డబ్బు ఇవ్వను.

పాతకాలపు పనివాళ్లు దీన్ని ఎక్కడ వాడారో తెలిస్తే నీకు దారి దొరుకుతుంది. యూరప్‌లో 14వ శతాబ్దం నాటిదని చెప్పే హంగరీ వాటర్ అనేది రోజ్‌మేరీని స్పిరిట్‌తో కలిపి డిస్టిల్ చేసిన నీళ్లు, స్పిరిట్‌తో చేసిన తొలి సెంట్లలో దాన్ని చెబుతారు. తర్వాత ఇటలీ నుంచి వెళ్లి జర్మనీలోని కొలోన్ నగరంలో స్థిరపడిన ఫరీనా కుటుంబం 1709లో కొట్టు తెరిచి అమ్మిన నీళ్లే ఇవాళ మనం కొలోన్ అంటున్న వాసనకి మూలం. ఆ పద్ధతిలో నిమ్మజాతి నూనెలు పెద్దపీట, నారింజపూల నూనె నడుమ, లావెండర్, రోజ్‌మేరీ పక్కన కొద్దిగా. 1882లో హూబిగాన్ సంస్థకి పాల్ పార్కే చేసిన ఫూజేర్ రొయాల్‌తో ఇంకో దారి తెరుచుకుంది, లావెండర్, ఓక్ చెట్ల మీద నాచులా పెరిగే ఓక్‌మాస్, ఎండుగడ్డి వాసన వేసే కుమారిన్. మగవాళ్ల షేవింగ్ క్రీముల్లో, ఆఫ్టర్‌షేవ్‌లలో నీకు తెలిసిన వాసన ఆ వంశమే. అందులో లావెండర్ నీరసంగా, పౌడర్‌లా పడి ఉంటే రోజ్‌మేరీ దాన్ని లేపి నిలబెడుతుంది, ఎందుకంటే లావెండర్‌లోనూ కాస్త సినియోల్, కాస్త కర్పూరం ఉన్నాయి, రెండూ ఒకదాన్నొకటి గుర్తుపడతాయి.

ఇప్పుడు చేతిపని. చుక్కలు లెక్కపెట్టడం మానెయ్యి, ఒక్కో నూనె చుక్క ఒక్కో బరువు ఉంటుంది, 0.01 గ్రాము చూపించే చిన్న తూకం కొనుక్కో. ఒక కొలోన్ ఇలా మొదలుపెట్టు: బెర్గమోట్ (ఒక నిమ్మజాతి పండు తొక్క నూనె) 3 గ్రాములు, నిమ్మ 1.5, తియ్య నారింజ 1, పెటిట్‌గ్రెయిన్ (నారింజ ఆకుల, లేత కొమ్మల నూనె) 1, లావెండర్ 0.8, హెడియోన్ (మల్లె ఛాయ ఉండే సింథటిక్) 1.4, గాలక్సోలైడ్ (కస్తూరి వాసన వేసే సింథటిక్) 1. మొత్తం 9.7 గ్రాములు అవుతుంది. దీన్ని సరిగ్గా సగం చేసి 4.85 చొప్పున రెండు సీసాల్లో పొయ్యి. ఒకదానికి మాత్రం రోజ్‌మేరీ 0.15 గ్రాము కలుపు. రెండింటినీ విడివిడిగా పది శాతానికి స్పిరిట్‌లో పలచన చేసి రెండు మూడు వారాలు చీకట్లో వదిలెయ్యి, ఆ తర్వాత పక్కపక్కన పెట్టి చూడు. రోజ్‌మేరీ లేనిది నిమ్మరసం, తియ్యగా, పలచగా. ఉన్నదాంట్లో రోజ్‌మేరీ అని ఎవరూ కనిపెట్టలేరు, కానీ నిమ్మకాయని ఆకుతో, పుల్లతో సహా కోసుకొచ్చినట్టు ఉంటుంది. మూడు శాతానికే ఇంత తేడా. అక్కడి నుంచి 0.25కి పెంచి చూడు, 0.4కి పెంచి చూడు, ఎక్కడ బామ్ మొదలవుతుందో నీ ముక్కుతోనే గీత గీసుకో. నా గీత అయిదు శాతం దగ్గర ఉంది, నీది వేరే చోట ఉండొచ్చు.

బెర్గమోట్ కొనేటప్పుడు ఎఫ్‌సీఎఫ్ అని రాసున్నదే కొను, అంటే బెర్గాప్టెన్ తీసేసినది. మామూలుదాంట్లో ఆ బెర్గాప్టెన్ ఉంటుంది, అది చర్మం మీద ఉండగా ఎండ తగిలితే కాలినట్టు మచ్చలు పడతాయి, మన తిరుపతి ఎండలో ఆ సాహసం వద్దు. గానుగలాగా తొక్కని ఒత్తి తీసిన నిమ్మనూనెకి కూడా కొంత ఆ గుణం ఉంది, డిస్టిల్ చేసినదైతే నిశ్చింత.

స్పిరిట్ ఎక్కడ కొన్నావో నువ్వు రాయలేదు, నాకు అన్నిటికంటే టెన్షన్ అదే. పెయింట్ షాపులో దొరికే స్పిరిట్, థిన్నర్ లాంటివాటిలో మిథనాల్ ఉండొచ్చు, అది ఊపిరితోనూ చర్మంతోనూ ఒంట్లోకి పోతుంది, చూపు పోయినవాళ్లున్నారు. అలాంటిదైతే ఆ సీసా ఇవాళే పక్కన పడేయ్, చొక్కా ఉతుక్కో. లైసెన్సున్న సప్లయర్ దగ్గర పెర్ఫ్యూమ్ గ్రేడ్ ఇథనాల్ దొరక్కపోతే స్పిరిట్ జోలికే పోకుండా ఐపీఎమ్‌లో (ఐసోప్రొపైల్ మిరిస్టేట్ అనే వాసన లేని పలచని నూనెలాంటి ద్రవం) రోల్ ఆన్ చేసుకో. అందులో రోజ్‌మేరీ కాస్త నెమ్మదిగా విచ్చుకుంటుంది, నాకైతే అదే ఇష్టం. రేపు అమ్మాలనుకుంటే కాస్మెటిక్స్ రూల్స్ 2020 కింద తయారీ లైసెన్సు కావాలి, అది లేకుండా స్నేహితులకి కూడా డబ్బు తీసుకుని ఇవ్వకు.

నూనెని దాచడం గురించి మన ఊళ్లో గట్టిగా చెప్పాలి. పైనీన్, లిమోనీన్ లాంటివి గాలి తగిలితే ఆక్సీకరణ చెందుతాయి, అప్పుడు నూనె జిగటగా మారి టర్పెంటైన్ కంపు కొడుతుంది, దానికంటే ముఖ్యం, చర్మానికి పడదు. ఒక ఎండాకాలం నేను సగం ఖాళీ అయిన డబ్బాని రేకుల షెడ్డులో వదిలేశాను. జూన్‌లో దాంతోనే ఒక శాంపిల్ చేసి అలవాటుగా ముంజేతికి రాసుకున్నాను, సాయంత్రానికి రూపాయి బిళ్లంత మేర ఎర్రగా దద్దు లేచింది, మానడానికి పది రోజులు పట్టింది. అదే సరుకు సబ్బులోకి వెళ్లి ఉంటే ఎందరి ఒంటికి తగిలేదో అని ఇప్పటికీ అనుకుంటాను. ముదురు రంగు గాజుసీసా, మెడ దాకా నిండుగా, ఫ్రిజ్‌లో. వాడేకొద్దీ చిన్న సీసాలోకి మార్చుకుంటూ పో. ఇంట్లో పసిపిల్లలుంటే వాళ్ల ముక్కు దగ్గరికి, మొహం దగ్గరికి ఈ వాసన రానివ్వకు, కర్పూరం, సినియోల్ రెండూ వాళ్ల ఊపిరికి మంచివి కావు. గర్భిణులు, మూర్ఛ ఉన్నవాళ్లు కూడా దూరంగా ఉండటం మేలు.

అగరుబత్తీలో వాడొచ్చా అని కూడా చివర్లో అడిగావు. నేను ప్రయత్నించాను, దండగ. ముంచిన బత్తీ ఆరేలోపే చాలావరకు ఎగిరిపోతుంది, మిగిలింది నిప్పు తగలగానే ఎండుటాకులు కాల్చిన వాసన వేస్తుంది. సబ్బులో బాగా పనిచేస్తుంది, స్నానాల గదిలో వేడినీళ్ల ఆవిరికి ఈ నూనె తన మంచితనమంతా చూపిస్తుంది. జుట్టుకి పెట్టుకునే సంగతి నేను మాట్లాడను, అది నా పని కాదు.

మన శేషాచలం ఎర్రచందనం వేస్తే వాసన నిలుస్తుందా అన్నావు, చాలామంది అడుగుతారు. ఎర్రచందనానికి చెప్పుకోదగ్గ వాసన లేదు, వాసన ఉన్నది తెల్లచందనానికి. పైగా ఆ దుంగ ముక్క ఇంట్లో ఉంటే కేసు.

కొలోన్ ప్రయోగం అయ్యాక, మన ఊరి ముక్కుతో ఒకటి చెయ్యి. అన్నీ పది శాతం ద్రావణాలుగా పెట్టుకుని చందనం 10 పాళ్లు, ఏలకులు 4, రోజ్‌మేరీ 3, వట్టివేరు 2, తులసి 1. మొదటి రోజు ఏలకులే వినిపిస్తాయి, కంగారుపడకు. వారం ఆగాక రోజ్‌మేరీలోని కర్పూరం, బోర్నియోల్ ఏలకుల వెనక్కి జరిగి చల్లగా కూర్చుంటాయి, తులసి వాటిని కలుపుతుంది, కింద చందనం, వట్టివేరు తడిమట్టిలా నిలబడతాయి. గోవిందరాజస్వామి గుడి ముందు పూలమ్మేవాళ్ల దగ్గర మరువంతో పాటు దవనం కట్టలు కూడా చూసి ఉంటావు. ఆ దవనం నూనె మన దక్షిణాదిలో తీసేదే, విదేశాల పెర్ఫ్యూమ్‌లలోకీ వెళ్తుంది. దాన్ని ఒక శాతం ద్రావణంగా చేసి ఒక పాలు మాత్రం ఇందులో కలిపితే ఎండిన పండు తీపి వస్తుంది, అంతకు మించితే మిగతావాటిని మింగేస్తుంది. తులసి నూనెకి చర్మం మండే గుణం ఉంది గనక దాన్ని పెంచకు, వీటిలో దేని తూకం తప్పినా మొత్తం పారబోసి మళ్లీ మొదలుపెట్టు, సరిచేద్దామని ఇంకోటి కలపకు. కలిపిన తేదీ, బరువులు, నూనె ఏ దేశానిదో సీసా మీదే రాసిపెట్టు. మొరాకో రకంతో ఒకసారి, స్పెయిన్ రకంతో ఒకసారి చేసి మీ అమ్మకి రెండు స్ట్రిప్పులూ పేరు చెప్పకుండా ఇచ్చి, ఆమె ఏమందో ఆ మాటలే పక్కన రాసుకో.